యుద్ధం రాగానే సొంత విమానాలకు తాళం: 1941 నాటి అమెరికా కథ

1941 డిసెంబర్ 7 ఉదయం జపాన్ విమానాలు హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌పై విరుచుకుపడినప్పుడు, అదే ఆకాశంలో కొన్ని చిన్న పౌర విమానాలు కూడా ఎగురుతున్నాయి. కోర్నీలియా ఫోర్ట్ అనే యువ ఇన్‌స్ట్రక్టర్ విద్యార్థికి శిక్షణ ఇస్తూ, మీదికి దూసుకొచ్చిన జపాన్ విమానాన్ని తృటిలో తప్పించుకుని కిందికి దిగింది.

మర్నాడే అమెరికా ప్రభుత్వం పౌర పైలట్ల లైసెన్సులను నిలిపేసింది. ఎయిర్‌లైన్స్ పైలట్లకు మాత్రం మినహాయింపు. మళ్లీ ఎగరాలంటే పౌరసత్వం, దేశంపై విధేయత రుజువు చేసుకోవాలి, వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. దీన్ని ఉత్త కంగారుగా కొట్టిపారేయలేం. అప్పటికి దేశంలో పాతిక వేల దాకా చిన్న విమానాలున్నాయి. చాలావాటిలో రేడియో కూడా లేదు. పచ్చిక మైదానం దొరికితే చాలు, పైకి లేస్తాయి. వచ్చేది ఎవరో కింద ఉన్న సైనికుడికి తెలిసే దారి లేదు. పసిఫిక్ తీరానికి 150 మైళ్ల లోపల ప్రైవేటు విమానాలు ఎగరకూడదన్నారు. దాంతో ఫ్లయింగ్ స్కూళ్లు లోపలి ప్రాంతాలకు తరలిపోయాయి. బ్రిటన్ అయితే 1939లో యుద్ధం మొదలవగానే ప్రైవేటు విమానయానాన్ని ఆపేసి, మళ్లీ 1946 జనవరి 1నే అనుమతించింది.

అయితే పెర్ల్ హార్బర్ రోజునే వచ్చిన మరో ఉత్తర్వును ఇదే లెక్కలో సమర్థించలేం. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ప్రకటన ప్రకారం, జపాన్ పౌరులు అనుమతి లేకుండా ఏ విమానమూ ఎక్కకూడదు, ప్రయాణికులుగానైనా సరే. జపాన్‌లో పుట్టి వలస వచ్చినవాళ్లు అమెరికా పౌరసత్వం తీసుకుందామన్నా అప్పటి చట్టం ఒప్పుకోదు. పౌరసత్వానికి దారి మూసేసిన ప్రభుత్వమే, పౌరులు కారన్న కారణంతో వాళ్లను అనుమానించింది. ఇది అన్యాయం.

అనుమానించిన ఆ చిన్న విమానాలే కొద్ది నెలల్లో దేశానికి అవసరమయ్యాయి. 1942లో జర్మన్ సబ్‌మెరైన్లు అట్లాంటిక్ తీరంలో చమురు నౌకలను వరసగా ముంచేస్తుంటే, కాపలాకు సైన్యం దగ్గర సరిపడా విమానాలు లేవు. అప్పుడు సివిల్ ఎయిర్ పెట్రోల్ ముందుకొచ్చింది. పెర్ల్ హార్బర్ దాడికి వారం ముందే ఏర్పడిన పౌర పైలట్ల సంస్థ ఇది. 1942 మార్చిలో వాళ్లు సొంత విమానాలతో తీరం గస్తీ మొదలుపెట్టారు. మొదట ఆయుధాల్లేవు, తర్వాత రెక్కల కింద బాంబులు కట్టారు. పైలట్‌కు రోజుకు 8 డాలర్ల భత్యం. 1943 ఆగస్టు చివరిదాకా సాగిన ఈ గస్తీలో 26 మంది ప్రాణాలు కోల్పోయారు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత చిన్న విమానాలపై మళ్లీ ఆంక్షలు వచ్చాయి. దేశంలో చాలాచోట్ల అవి త్వరగానే సడలాయి కానీ, వాషింగ్టన్ చుట్టూ మాత్రం శాశ్వత నియమాలయ్యాయి. 1909లో విల్బర్ రైట్ సైనికాధికారులకు విమానం నడపడం నేర్పిన కాలేజ్ పార్క్ ఎయిర్‌పోర్టు ఆ పరిధిలోనే ఉంది. అక్కడ దిగాలనుకునే ప్రైవేటు పైలట్ ముందుగా వేలిముద్రలిచ్చి, నేపథ్య తనిఖీ పూర్తి చేసుకుని, పిన్ నంబర్ తీసుకోవాలి.