గుంటడికి ఒళ్లు కొవ్వట!

ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో మన తెలుగు ఇళ్లలో ఒక కుర్రాడు తన్నులాటల్లో పడినా, తాగి దొరికినా పెద్దలనే మాట ఒక్కటే: "గుంటడికి ఒళ్లు కొవ్వు." ఆ తర్వాత వెతికే దారీ పాతదే, సూరత్ రైలు. మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు పడితే వాడే దారికొస్తాడని లెక్క. అసలు ఆ ఒళ్లు ఎలా ఉందో ఎవరూ చూడరు.

చూడటం మొదలైంది, విచిత్రంగా, నిజంగానే కొవ్వు కరిగించే క్లినిక్‌లో. 1980ల మధ్యలో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు దగ్గర బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసేవారు. ఎందుకని ఆరా తీస్తే చాలామంది చిన్నతనంలో లైంగిక హింస బయటపడింది. రాబర్ట్ ఆండా అనే మరో డాక్టరుతో కలిసి ఆయన 1998లో పరిశోధన ప్రచురించారు. తిట్లు, దెబ్బలు, ఇంట్లో తాగుడు, జైలుకెళ్లిన మనిషి ఉండటం, ఇలాంటివి నాలుగు రకాలో అంతకు మించో చూసిన పిల్లలకు పెద్దయ్యాక తాగుడు, మత్తుమందులు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువట. గుండెజబ్బు, కేన్సర్ కూడా ఆ కష్టాల లెక్కతో పాటే పెరిగాయి.

దుడుకుతనం సంగతి న్యూజిలాండ్‌లో తేలింది. డునెడిన్ ఊళ్లో 1972-73లో పుట్టిన 1,037 మందిని చిన్నప్పటి నుంచీ గమనిస్తూ వచ్చారు. మీసాలొచ్చే వయసులో చెలరేగి తర్వాత సర్దుకునేవాళ్లు వేరు, పసితనం నుంచీ ఆగనివాళ్లు వేరు అని సైకాలజిస్టు టెరీ మోఫిట్ 1993లో చెప్పారు. మొదటి రకమే ఎక్కువ, అది మన అరుగుల మీద కూడా తెలిసిందే. 32 ఏళ్లకు పరీక్షిస్తే రెండో రకం మగవాళ్ల ఆరోగ్యమే అందరికంటే దెబ్బతిని ఉంది. చిన్నప్పుడు హింస పడ్డవాళ్ల రక్తంలోనైతే ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఒంటి లోపలి వాపును చూపే ప్రోటీన్ ఎక్కువగా కనిపించింది.

ఎప్పుడూ టెన్షన్‌లో ఉండే ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు తగ్గాల్సినప్పుడు తగ్గవు. దాంతో బీపీ, షుగరు పెరుగుతాయి. పైన గుట్కా, నిద్రలేమి, బైకు దెబ్బలు సరేసరి.

మన దేశంలో 2014లో కౌమార ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. గాయాలు, హింస, మత్తు, మనసు, బీపీ లాంటి జబ్బులు అన్నీ ఒకేచోట చేర్చారు, మంచి ఆలోచనే. కానీ అది 19 ఏళ్లకు ఆగుతుంది. ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు ముప్పు అడిగే జాబితా 30 దగ్గర మొదలవుతుంది. ఆ మధ్య కాలమంతా మన గుంటడు సూరత్‌లో ఉంటాడు.