పన్ను పీకించుకునే ముందు గుండె సంగతి చెప్పండి

ప్రియమైన పిల్లలూ,

మీ క్లాసులో గుండె ఆపరేషన్ అయిన అబ్బాయిని పళ్ల డాక్టరు నోరు తెరవమనకుండానే గుండె కాగితాలు అడిగారట. "పంటికీ గుండెకీ ఏం సంబంధం తాతయ్యా?" అన్నారు కదా. పళ్ల డాక్టరుగా పని చేసి రిటైరైనవాణ్ని, చెప్తా వినండి.

నోట్లో ఎప్పుడూ క్రిములుంటాయి. పన్ను పీకినా, చిగుళ్ల కింద పేరుకున్న గార తీసినా అవి నెత్తుట్లోకి దూరతాయి. 1935లో లండన్‌లో ఓకెల్, ఇలియట్ అనే డాక్టర్లు పన్ను పీకగానే రోగుల నెత్తురు పరీక్షిస్తే సగం మందికి పైగా ఇవి కనిపించాయి. చిగుళ్లు బాగా చెడినవాళ్లలో మరీ ఎక్కువ. మామూలు గుండెకు వీటితో భయం లేదు, కాసేపట్లో ఒళ్లే వాటిని వదిలించుకుంటుంది. కృత్రిమ వాల్వ్ (గుండెలో నెత్తురు వెనక్కి పోకుండా ఆపే తలుపు లాంటిది) ఉంటే మాత్రం దాన్ని పట్టుకుని అక్కడే పెరగొచ్చు. అదే ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి పొరకూ వాల్వులకూ క్రిములు పట్టే జబ్బు. వారాల తరబడి నరానికి మందు ఎక్కించాలి, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది.

అందుకే అలాంటి పిల్లలకు పని మొదలుపెట్టే అరగంట, గంట ముందు ఒక్క మోతాదు అమాక్సిసిలిన్ ఇస్తాం, అది క్రిముల్ని చంపే పెన్సిలిన్ జాతి మందు. బరువు చూసి ఎంతో డాక్టరే లెక్క కడతారు. ఇంట్లో మిగిలిన సిరప్ పనికిరాదు. పెన్సిలిన్ పడనివాళ్లకు వేరే మందు. కీళ్లవాతం జ్వరం వచ్చి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకునే పిల్లలుంటే ఆ మాటా ముందే చెప్పాలి.

గుండెలో రంధ్రం ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ మందు అక్కర్లేదు. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అనే గుండె ఆరోగ్య సంస్థ ఈ మందు ఎవరికి ఇవ్వాలనే జాబితాను బాగా కుదించింది. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లు, ఒకసారి ఈ జబ్బు వచ్చి తగ్గినవాళ్లు, ఒళ్లు నీలంగా మారే గుండె జబ్బుకు ఆపరేషన్ కానివాళ్లు, గుండె రంధ్రానికి ప్యాచ్ (అతుకు) వేసి ఆరు నెలలు దాటనివాళ్లు, ఇంకా కొద్దిమంది మాత్రమే అందులో ఉన్నారు. పాలపన్ను దానంతటదే ఊడితే వీళ్లకీ మందు వద్దు.

ఎందుకు కుదించారంటారా? పన్ను పీకించుకునేది ఎప్పుడో ఒకసారి. చిగుళ్లు వాచి ఉంటే బ్రష్ చేసినా, అన్నం నమిలినా క్రిములు లోపలికి పోతూనే ఉంటాయి. రోజూ మాత్ర మింగలేం కదా! నన్నడిగితే మాత్ర కంటే బ్రష్షే పెద్ద మందు. వాల్వ్ ఆపరేషన్‌కి ముందు సర్జన్లు పిల్లల్ని మా దగ్గరికి పంపేదీ ఇందుకే. చిన్న అద్దం పెట్టి వెనక దవడ పళ్లు చూస్తే తరచూ నల్లటి గుంటలు కనిపించేవి. రాత్రి తియ్యటి సిరప్ తాగి నోరు పుక్కిలించకుండా పడుకోవడమూ ఒక కారణం.

ఇంకొక్కటి. ఆ అబ్బాయికి జ్వరం రోజుల తరబడి తగ్గకపోతే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేయొద్దని వాళ్లమ్మకు చెప్పండి. అది ఎండోకార్డైటిస్ కావచ్చు, ముందు బ్లడ్ కల్చర్‌కి, అంటే నెత్తుట్లో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్షకి, నెత్తురు ఇవ్వాలి. మందు ముందే పడితే క్రిమి పరీక్షలో దొరక్కపోవచ్చు.

ఆశీస్సులతో,
తాతయ్య