వాంగ్మూలం నుంచి డిమాండ్ దాకా

తెలుగులో మనం అందరినీ కలిపి శరణార్థులనే అంటాం. చట్టం వాళ్లను రెండుగా చూస్తుంది. ఆశ్రయం ఇవ్వమని దరఖాస్తు పెట్టుకుని నిర్ణయం కోసం ఎదురుచూసేవాళ్లు ఒకరు, ఆ హోదా దక్కినవాళ్లు ఇంకొకరు. 'అర్థి' అంటే అడిగేవాడే కాబట్టి మన మాట అసలు సరిపోయేది మొదటివాళ్లకే. ఈ కథనం వాళ్లలోని చిన్నవయసువాళ్ల గురించి.

వాళ్లను మాట్లాడిస్తూనే ఉంటారు. ఎందుకు పారిపోయావు, ఏ దారిన వచ్చావు, ఎవరు బెదిరించారు? అదే కథ అధికారికి, లాయరుకి, మళ్లీ అప్పీలులో జడ్జికి చెప్పుకోవాలి. ఒకచోట చెప్పిన తేదీ ఇంకోచోట మారితే చెప్పినదంతా అనుమానంలో పడుతుంది. వాళ్ల మాట వాంగ్మూలంగా చెల్లుతుంది గానీ అభిప్రాయంగా చెల్లదు. ఆ అభిప్రాయాన్ని వినిపించుకోవడానికే గత ఇరవై ఏళ్లుగా పోరాడుతున్నారు.

అంతకుముందు పిల్లల తరఫున పెద్దలే మాట్లాడేవాళ్లు. 1938-39లో నాజీల బారి నుంచి దాదాపు 10,000 మంది పిల్లల్ని బ్రిటన్ చేర్చుకుంది. వాళ్లలో ఎక్కువమంది యూదులు. తల్లిదండ్రుల్లో చాలామంది రైల్వే స్టేషన్ల దగ్గరే ఆగిపోయారు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో ఇచ్చిన నిర్వచనంలో వయసు ప్రస్తావనే లేదు. పిల్లల మాటకు చోటు దొరికింది 1989లో, బాలల హక్కుల ఒప్పందంతో. తనకు సంబంధించిన ప్రతి విషయంలోనూ అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకు ఉందని దాని 12వ అధికరణం చెబుతుంది. ఆశ్రయం కోరే పిల్లలకు రక్షణ ఇవ్వాలని 22వ అధికరణం చెబుతుంది. బ్రిటన్ దానిమీద సంతకం చేసింది, కానీ వలస వ్యవహారాలకు మినహాయింపు పెట్టుకుంది. ఆ మినహాయింపును 2008 దాకా వదులుకోలేదు.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరపు అమ్మాయిల కథ ఆ మినహాయింపు నీడలోనే జరిగింది. ఆశ్రయం కోరి వచ్చినవాళ్లను లండన్ చుట్టుపక్కల ఉంచకుండా వేరే నగరాలకు పంపే విధానాన్ని 1999 చట్టం తెచ్చింది. దాంతో గ్లాస్గోలోని పాత అపార్ట్‌మెంట్ టవర్లు వాళ్లతో నిండాయి. దరఖాస్తు తిరస్కరించిన కుటుంబాల తలుపులు అధికారులు తెల్లవారకముందే తట్టి, దేశం నుంచి పంపేయడానికి వాళ్లను నిర్బంధంలోకి తీసుకెళ్లేవారు. 2005లో అలా తీసుకెళ్లినవాళ్లలో డ్రమ్‌చాపెల్ హైస్కూల్ విద్యార్థిని ఒకరున్నారు. ఆమె యూరప్‌లోని కొసొవో నుంచి వచ్చిన రోమా జాతి అమ్మాయి. తెల్లారి క్లాసులో ఆమె బెంచీ ఖాళీ. స్నేహితురాళ్లు ముందుకొచ్చారు; ఆమెతో కలిపి వాళ్లు ఏడుగురు. వాళ్లలో కొందరు స్వయంగా ఆశ్రయం కోరి వచ్చినవాళ్లే, మరికొందరు అక్కడి అమ్మాయిలే. పిటిషన్ రాసి స్కూల్లో సంతకాలు సేకరించారు, స్కాట్లాండ్ పార్లమెంటుకు వెళ్లి, అక్కడి ప్రభుత్వ పెద్ద అయిన ఫస్ట్ మినిస్టర్‌ని నిలదీశారు. ఆ నాయకుడికి స్కూళ్ల మీద అధికారం ఉంది, వలస మీద లేదు; అది బ్రిటన్ ప్రభుత్వం చేతిలో ఉంది. పదిహేనేళ్ల పిల్లలు ఆ చిక్కును పట్టుకుని అడగడం నాకు ఇప్పటికీ అబ్బురమే. స్నేహితురాలు విడుదలై తిరిగొచ్చింది. ఇంకోవైపు అదే నగరంలోని కింగ్స్‌వే టవర్లలో ఇరుగుపొరుగువాళ్లు వేకువనే లేచి అధికారుల వ్యాన్ల కోసం కాపలా కాశారు. పిల్లల నిర్బంధానికి స్వస్తి చెబుతామని బ్రిటన్ ప్రభుత్వం 2010లో ప్రకటించింది.

స్వీడన్‌లో పోరాటానికి దిగింది ఇంకా దిక్కులేనివాళ్లు. 2015లో ఆ దేశంలో ఆశ్రయం కోరిన దాదాపు 1,63,000 మందిలో 35,000 మంది పెద్దల తోడు లేకుండా వచ్చిన మైనర్లు. వాళ్లలో ఎక్కువమంది అఫ్గాన్లు. దరఖాస్తులు నెలల తరబడి కదల్లేదు. ఈలోగా పిల్లలకు పద్దెనిమిది నిండాయి. దాంతో మైనర్లకిచ్చే రక్షణ పోయింది. చెప్పిన వయసును అధికారులు నమ్మని పిల్లల కోసం 2017లో కొత్త వైద్య పరీక్ష వచ్చింది. జ్ఞానదంతాలకు ఎక్స్‌రే, మోకాలికి ఎంఆర్ఐ తీసి వయసు అంచనా కట్టేవారు. కుర్రాడి మాట కన్నా మోకాలి ఎముకకు ఎక్కువ విలువ దక్కింది.

అదే ఏడాది ఆగస్టులో స్టాక్‌హోంలో పార్లమెంటు పక్కనే అఫ్గాన్ యువత ధర్నాకు కూర్చుంది. ముందు నిలబడింది ఫాతిమే ఖవరి అనే టీనేజీ అమ్మాయి. వాళ్ల మీద దాడి జరిగింది. వేరే కూడలికి మారి అక్కడ వారాల తరబడి కూర్చున్నారు. అఫ్గానిస్తాన్‌కు తిప్పి పంపడం ఆపాలన్నది వాళ్ల డిమాండ్. అది నెరవేరలేదు. 2018లో వచ్చిన చట్టం మాత్రం, పదిహేను నెలలకు పైగా నిర్ణయం కోసం ఎదురుచూసినవాళ్లలో చాలామందికి హైస్కూలు చదువు పూర్తయ్యేదాకా ఉండే అనుమతి ఇచ్చింది. చదువయ్యాక మొదట్లో ఆరు నెలల్లో ఉద్యోగం చూసుకోవాల్సి వచ్చేది, లేదంటే వెళ్లిపోవాల్సి వచ్చేది. సగం గెలుపే, అయినా వేలమంది చదువు ఆగకుండా సాగింది.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2017లో యువతతో సలహా మండలి ఏర్పాటు చేసింది. 2019లో నుజీన్ ముస్తఫా భద్రతా మండలిలో మాట్లాడారు. ఆమె సిరియా నుంచి వీల్‌చెయిర్‌లో జర్మనీ చేరిన అమ్మాయి. ఆహ్వానాలు పెరగడం మంచిదే. కానీ వేదిక ఎక్కించి మళ్లీ ఆ పారిపోయి వచ్చిన కథే చెప్పించుకుని పంపేస్తే అదీ ఇంకో వాంగ్మూలమే అవుతుంది. విధానాన్ని ఎలా మార్చాలో కూడా వాళ్లనే అడగాలి.

గ్లాస్గో ఏడుగురిలో ఒకరైన రోజా సాలిహ్ ఇరాక్ కుర్దు. 2022లో అదే నగరానికి కౌన్సిలర్‌గా గెలిచి, స్కాట్లాండ్‌లో ఆ పదవికి ఎన్నికైన తొలి శరణార్థి అయ్యారు. స్కాట్లాండ్ తన ఎన్నికల్లో శరణార్థులకు 2020లోనే ఓటు హక్కు ఇచ్చింది. దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నవాళ్లకు మాత్రం అది ఇంకా రాలేదు.