గార్డును తట్టి చూసి వించి బిగించమనేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

కడపలో మా షెడ్డుకు బండి తెచ్చేవాళ్లలో చాలామంది దిగీ దిగగానే ఒకటే పని చేస్తారు. ముందుకెళ్లి, బంపర్ ముందు వేసే ఇనుప బుల్ గార్డును వేళ్ల కణుపులతో టకటకా తట్టి, "చూడన్నా, ఎంత గట్టిగుండాదో! దీనికే వించి బిగించెయ్" అంటారు. వించి అంటే బండి దిగబడితే తాడుతో బయటికి లాగే మోటారు. పదిహేనేళ్లుగా వింటున్నా ఈ మాట. ఈ వారంలోనే మూడుసార్లు విన్నా. అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: గార్డు గట్టిగా ఉంటే చాలు, వించి దానికే బిగించొచ్చు.

వించి తిరుగుతున్నప్పుడు ఆ బలం ఎటు పోతుందో ఆలోచించండి. తాడు తను చుట్టుకునే డ్రమ్మును లాగుతుంది. డ్రమ్ము తన కింది ప్లేటును లాగుతుంది. ప్లేటును దేనికి బిగించారో దాన్ని లాగుతుంది. చివరికి ఆ బలమంతా ఛాసిస్‌కు, అంటే బండి కింది ఇనుప చట్రానికి, రెండు వైపులకూ సమానంగా చేరాలి. దారిలో ఏది బలహీనంగా ఉంటే అది ఊడొస్తుంది. షోకు కోసం అమ్మే గార్డుల పైపు చూడ్డానికి లావుగానే ఉంటుంది, కోసి చూస్తే చాలావాటి గోడ మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. పైగా రెండు చిన్న పట్టీలతో, నాలుగు సన్న బోల్టులతో బంపర్ లోపలి బీముకు వేలాడుతుంటుంది. కుక్కో మేకో తగిలితే ఆగుతుందేమో. వించి లాగుడు వేరే సంగతి.

నల్లరేగడిలో చక్రాలు సగం దాకా దిగబడితే, బండి బరువంత బలం పెడితే గానీ కదలకపోవచ్చు. లోడుతో కలిపి రెండున్నర టన్నుల బండి అనుకోండి. మా లెక్క దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 3,750 కిలోలు. అందుకే 9,500 పౌండ్లు లాగే వించి కొంటారు. అది కిలోల్లో సుమారు 4,300. ఇప్పుడు చెప్పండి, నాలుగు టన్నుల పైచిలుకు లాగుడును ఆ రెండు పట్టీలు మోస్తాయా?

నేనూ పుట్టుకతో తెలిసినవాణ్ని కాదు. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక స్నేహితుడి క్యాంపర్ పికప్ బండికి పైపు గార్డు మీదే ప్లేటు వెల్డింగ్ చేసి వించి కూర్చోబెట్టా. జమ్మలమడుగు దగ్గర శనగ చేలో, వానపడిన మర్నాడు బండి దిగబడింది. ఎదురుగా ఉన్న చింతచెట్టుకు తాడు కట్టి వాడు స్విచ్ నొక్కాడు. బండి కదల్లేదు. గార్డు కదిలింది. ఫట్‌మని ఊడి, వించితో సహా చెట్టు వైపు ఎగిరి బురదలో పడింది. చెట్టు కింద ఒక పిల్లోడు నిలబడి చూస్తున్నాడు. వాడికి నాలుగడుగుల దూరంలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ వెల్డింగ్ నాదే. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

సరైన పని ఇలా ఉంటుంది. కనీసం ఆరు మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు, రెండు పక్కలా ఛాసిస్ కొసలకు, కంపెనీ వేసిన రంధ్రాల్లోంచే, తల మీద 8.8 అని గుర్తున్న బోల్టులతో. వించికి నాలుగు బోల్టులుంటే నాలుగూ పడాల్సిందే. "మూడు కూర్చున్నాయి, నాలుగోది కలవట్లేదు" అంటే ప్లేటు తప్పు కొట్టారని అర్థం. ఛాసిస్ మీద వెల్డింగ్ మాత్రం పెట్టనివ్వకండి, వేడి తగిలిన చోట ఇనుము బలం తగ్గుతుంది. బంపర్ కేవలం ముసుగు. ముందు ప్లేటు చూడండి, ముసుగు అందం తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: గార్డు ఉంటే లోపలివాళ్లకు సేఫ్.

దీని దగ్గర నేను విసుక్కోను, ఎందుకంటే ఇది భయంలోంచి వచ్చే మాట. రాత్రిపూట రాయచోటి రోడ్డులో అడవిపంది అడ్డమొచ్చి బండి గుద్దుకున్న ఒకాయన, చేతులు ఇంకా వణుకుతుండగానే నా దగ్గరికి వచ్చాడు. "ఇంట్లో చిన్నపిల్లలున్నారన్నా, ఎంతైనా పర్లేదు, గార్డు వెయ్" అన్నాడు. టీ తాగించి, వేయనని చెప్పి పంపా. బండి ముందు భాగంలో గుద్దినప్పుడు నలిగిపోవడానికే పెట్టిన భాగాలుంటాయి. అవి నలిగితేనే మనకు తగిలే దెబ్బ తగ్గుతుంది. గార్డు వాటిని దాటేసి దెబ్బను నేరుగా ఛాసిస్‌కు ఇస్తుంది. బండి ఎంత వేగంగా ఆగిపోతోందో చూసి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలి కదా, ఆ లెక్కా తప్పవచ్చు. ఇక ఎదురుగా నడిచి వెళ్లే మనిషికి, బైకు మీదివాడికి ఆ ఇనుము ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

"ఆర్టీవో వాళ్లు పట్టించుకోరన్నా" అనేది ఇంకో పుకారు. గార్డులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. క్వారీ గేటు దాటి బయటికి రాని బండ్లకు తప్ప నేను గార్డు వేయడం మానేశా. మిగతావాళ్లకు డిక్కీలో చేత్తో తిప్పే పుల్లర్, మంచి బెల్టు, పార పెట్టుకోమంటా.

మిగతావి గబగబా చెప్పేస్తా. వించి మీద రాసిన బలం డ్రమ్ము మీద మొదటి చుట్టుకే. చుట్టు మీద చుట్టు పడేకొద్దీ తగ్గుతుంది, పై చుట్టుకొచ్చేసరికి బలంలో మూడో వంతు దాకా పోవచ్చు. బలం చాలకపోతే కప్పీ వేయండి, లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. పూర్తి లోడులో వించి సుమారు 400 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కాబట్టి లావు కేబుల్‌తో నేరుగా బ్యాటరీ నుంచే తీయాలి, ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, ఒక నిమిషం లాగితే కాసేపు ఆపాలి. ఇనుప తాడు మీద తడి గోనెసంచి వేయండి, తెగితే విసురు తగ్గుతుంది. గార్డు, వించి కలిపి ముందు ఎనభై తొంభై కిలోలు పెరుగుతాయి. స్ప్రింగులు, హెడ్‌లైట్ల ఎత్తు మళ్లీ చూసుకోవాలి. గ్రిల్ మూసుకుపోతే మన మే నెల ఎండకు రేడియేటర్ ఉడుకుతుంది. ఛాసిస్ వేరుగా లేని ఎస్‌యూవీ తెచ్చి వించి అడగొద్దు.

అనంతపురం వైపు రైతులు అడిగేది మాత్రం వేరే: "బోరు మోటారు దీంతో పైకి లాగొచ్చా అన్నా?" లాగకూడదు. ఈ వించి బ్రేకు బరువును గాల్లో వేలాడదీయడానికి చేసింది కాదు. పైగా తాడు ఎనభై తొంభై అడుగులు, మీ బోరు ఆరొందలు. పోయిన నెల ఒకాయనకు ఇదంతా ఓపిగ్గా చెప్పా. అంతా విని, తల గోక్కుని, "అయితే తాడు ఒక్కటే పొడుగుది వేసియ్యన్నా" అన్నాడు.