మాడు మూసుకోకముందే: పసిబిడ్డ తలలో నీటిని చూసిన పరీక్షల కథ

నూనె అంటేటప్పుడు అవ్వ చేతికి తగిలే మాడు, బిడ్డ ఏడవకుండా నిటారుగా ఉన్నప్పుడు మెత్తగా, చదునుగా ఉండాలి. అప్పుడు కూడా ఉబ్బి బిగుసుకుని ఉంటే తలలో నీరు పెరుగుతోందేమో చూడాల్సిందే.

1918లో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ ఈ మాడు గుండానే సూది దించాడు. మెదడు లోపల నీరుండే గదుల్లోంచి కొంత నీరు తీసి, గాలి ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. గాలి నల్లగా పడేది. అది ఎక్కడ ఆగిందో చూసి నీటికి అడ్డు ఎక్కడుందో పోల్చుకునేవారు. ఆ పరీక్షే పసివాళ్లకు పెద్ద గండం. సూది లేకుండా మెదడును చూసే వీలు 1971 అక్టోబర్ 1న లండన్‌లో తీసిన తొలి సీటీతో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే మాడు మీద ప్రోబ్ ఆనించే అల్ట్రాసౌండ్ అందింది. రేడియేషన్ లేదు, మత్తు అక్కర్లేదు.

మన దగ్గర 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ప్రభుత్వ వైద్య కళాశాల అక్కడ 2016లో, నల్లగొండలో 2019లో తెరిచారు. అయినా మాడు ఎవరి కోసమూ ఆగదు. సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు మూసుకుంటుంది. అంతకుముందే అల్ట్రాసౌండ్‌కు కిటికీలాంటి ఆ మాడు ఇరుకై బొమ్మ మసకబారుతుంది. అందుకే తల కొలిచే టేపు ముఖ్యం. పుట్టినప్పుడు 34 సెంటీమీటర్ల దగ్గర ఉండే తల చుట్టుకొలత మొదటి మూడు నెలలు నెలకు సుమారు 2, తర్వాతి మూడు నెలలు నెలకు 1 సెంటీమీటరు పెరుగుతుంది. ఒక్క కొలత చాలదు, వరుస కావాలి.

ముందు మాడు నుంచి చూస్తే తల వెనుక భాగం సరిగా అందదు. పుట్టుకతో వచ్చిన నీటి తిత్తి గోడ మరీ పల్చన కావడంతో, అది తిత్తో ఉబ్బిన గదో తేలదు. అక్కడ ఎమ్మారై కావాలి. అరాక్నాయిడ్ తిత్తి అనే ఈ నీటి తిత్తి ఎమ్మారై తీసే అన్ని బొమ్మల్లోనూ మెదడు నీటిలాగే కనిపిస్తుంది. అలాగే అనిపించే ఎపిడెర్మాయిడ్ అనే మరో రకం గడ్డ మాత్రం ఎమ్మారైలోని డిఫ్యూజన్ అనే రకం బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. తిత్తి కనబడగానే ఆపరేషన్ అని బెదరొద్దు, చాలావరకు పెరగకుండా ఉండిపోతాయి.

అచ్చంపేట, దేవరకొండల నుంచి తెల్లవారకముందే బయల్దేరిన తల్లి బస్సులో పాలిస్తే, ఎమ్మారైకి మత్తిచ్చే డాక్టర్ పరీక్ష వాయిదా వేయక తప్పదు: తల్లిపాలకు 4 గంటలు, డబ్బా పాలకు 6 గంటలు ఎడం ఉండాలి, లేకుంటే మత్తులో పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఈ మాట అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. షంట్ (తలలోని నీటిని బయటికి మళ్లించే గొట్టం) వేసిన బిడ్డకు పాత స్కాన్ సీడీ కూడా తేవాలి. గదులు మునుపటికన్నా పెరిగాయా అన్నది పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.