ఆయిల్ కూలర్ కొనేముందు ఆయిల్ వేడి చూడండి

జయపురం, కొరాపుట్ జిల్లా

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

కారు రీమ్యాప్ చేయించాం (పవర్ పెరిగేలా ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించాం), ఇక ఇంజనాయిల్‌ని చల్లబరిచే కూలర్ కూడా పెట్టించమంటారా అని బరంపురం నుంచి మీరు రాసింది చదివాను. నేను మొదట అడిగేది ఒకటే. మీ ఆయిల్ ఎంత వేడెక్కుతోంది, ఆ వేడిలో ఎంతసేపు ఉంటోంది? అది చూడకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టొద్దు.

ఇంజనాయిల్ భాగాలు అరిగిపోకుండా చూస్తుందని మీకు తెలుసు. వేడిని మోసుకుపోవడమూ దాని పనే. కూలెంట్, అంటే రేడియేటర్ నీళ్ళు, సిలిండర్ల చుట్టూ, వాటి పైనుండే హెడ్‌లోనూ తిరుగుతుంది. క్రాంక్ బేరింగుల్లోకి, పిస్టన్ అడుగుకి అది చేరలేదు, అక్కడికి వెళ్ళేది ఆయిలే. టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే యంత్రం, ఉన్న చాలా ఇంజన్లలో పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మడానికి చిన్న జెట్లు ఉంటాయి. సాధారణంగా టర్బో షాఫ్ట్ తిరిగేది కూడా పలచటి ఆయిల్ పొర మీదే. బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, పెంచారంటే, గట్టిగా తోలిన ప్రతిసారీ ఆ ఆయిల్ ఇంకా ఎక్కువ వేడి మోయాలి.

డ్యాష్‌బోర్డు మీద ముల్లు మధ్యలో ఉంది కదా అని ధీమా పడకండి. అది కూలెంట్ ముల్లు. కూలెంట్ వేడి కాస్త అటూఇటూ అయినా ముల్లు కదలకుండా చాలా కంపెనీలు ముందే అమరుస్తాయి. పొద్దున కూలెంట్ 90 డిగ్రీలకు వచ్చేసినా ఆయిల్ ఇంకా వెనకబడి ఉంటుంది. గట్టిగా తోలుతున్నప్పుడు కూలెంట్ నిలకడగానే ఉన్నా ఆయిల్ పైకి పాకుతూ పోతుంది. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) తగిలిస్తే కొన్ని కార్లు ఆయిల్ టెంపరేచర్ చూపిస్తాయి. ఆ అంకె సెన్సర్ చెబుతున్నదా, కంప్యూటర్ లెక్కగట్టినదా అని కనుక్కోండి. లెక్కగట్టినదైతే రీమ్యాప్ చేసిన ఇంజన్ విషయంలో నేను దాన్ని నమ్మను. విడిగా సెన్సర్, గేజ్ పెట్టించుకోండి. కూలర్‌తో పోలిస్తే దానికయ్యేది తక్కువే.

ఇక అంకెల సంగతి. మామూలుగా తిరిగేటప్పుడు 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే బాగున్నట్టే. గట్టిగా తోలినప్పుడు కాసేపు 120 దాటినా మంచి సింథటిక్ ఆయిల్ తట్టుకుంటుంది. 130 దాటి అక్కడే నిలబడిపోతుంటే కూలర్ గురించి ఆలోచించాలి. 140 వైపు పోతుంటే కాలు తీసేయండి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది చూడండి, అందులో 30 అన్నది 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనానికి గుర్తు. చిక్కదనాన్ని కొలిచే సెంటీస్టోకుల్లో 9.3 నుంచి 12.5 లోపు ఉంటే 30, అక్కడి నుంచి 16.3 లోపు ఉంటే 40. వేడి పెరిగేకొద్దీ ఏ ఆయిలైనా పలచబడుతుంది, బేరింగులో పొర సన్నబడుతుంది. పైగా బాగా వేడి మీద ఉన్న ఆయిల్‌కి ప్రతి 10 డిగ్రీలకూ పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని వాడుకలో ఒక లెక్క ఉంది. అందుకే రేసు ట్రాక్ మీద తోలిన కారుకి ఆయిల్ తొందరగా మార్చాలి.

మన దారులు చూద్దాం. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ మీదుగా కొరాపుట్ వస్తుంటే, ఎండాకాలం మధ్యాహ్నం లోడు లారీ వెనక సెకండ్ గేరులో చిక్కుకుంటే ఆయిల్ వేడెక్కుతుంది. ఎదురుగాలి తగలదు, ఇంజన్ మీద భారం తగ్గదు. అయినా ఆ మలుపుల్లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచేది కొన్ని సెకన్లే. రోడ్డు మీద తిరిగే కారుకి కూలర్ అవసరం పడటం అరుదని నేను నమ్ముతున్నది అందుకే. కొరాపుట్ నుంచి జయపురం దిగేటప్పుడైతే పరీక్ష బ్రేకులకే. మంచి ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, మంచి టైర్లు ముందు కొనండి. ఆ ఘాట్లలో బస్సులూ, పశువులూ, సంతకు నడిచిపోయే జనమూ ఉంటారు. పందేలకు అది చోటు కాదు, ఈ మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను.

శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తామన్నారు. అక్కడ లెక్క మారుతుంది. ఒక చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. పదిహేను ఇరవై నిమిషాలు వరసగా తోలితే ఆయిల్‌కి ఊపిరి తిప్పుకునే వీలుండదు. పెద్ద కంపెనీలకూ ఇది ఎదురైంది. బీఎండబ్ల్యూ 335ఐ తొలి కార్లలో కొన్ని ఆయిల్ కూలర్ లేకుండానే అమ్ముడయ్యాయి. ట్రాక్ మీద ఆయిల్ మితిమీరి వేడెక్కితే కంప్యూటరే పవర్ తగ్గించేసేది. తర్వాత వాటికి కూలర్ పెట్టారు. 1998 దాకా వచ్చిన గాలితో చల్లబడే పోర్షె 911లకైతే నీళ్ళ రేడియేటరే లేదు. ఇంజన్ చల్లదనానికి గాలితో పాటు ఆయిలే ఆధారం.

పెట్టించక తప్పదని తేలితే, ముందు ఆయిల్ ఫిల్టర్ మొదట్లో చూడండి. కూలెంట్ హోస్‌లు రెండు తగిలించిన చిన్న లోహపు దిమ్మ ఉంటే, కంపెనీ కూలర్ ఇప్పటికే ఉందన్నమాట. అది పొద్దున ఆయిల్‌ని త్వరగా వేడి చేస్తుంది కూడా, తీసేయనివ్వకండి. గాలితో ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పెడితే థర్మోస్టాట్, అంటే ఆయిల్ వేడెక్కేదాకా దాన్ని కూలర్ వైపు పోనివ్వని వాల్వు, తప్పనిసరి. అది లేకపోతే సిమిలిగుడ డిసెంబరు చలిలో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. అందులో కలిసిన నీటి ఆవిరి, పెట్రోలు బయటికి పోవు. ఆయిల్ పలచబడి, మురికిపడుతుంది. రేడియేటర్‌కి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వచ్చే గాలికి అడ్డం పెడితే ఒక వేడి తగ్గి ఇంకోటి పెరుగుతుంది. గాలి లోపలికి రావడానికే కాదు, బయటికి పోవడానికీ దారి ఉండాలి. నాకు అన్నిటికన్నా భయం హోస్‌ల గురించే. ఒరుసుకుని ఒకటి తెగిందంటే ప్రెషర్ మీద ఆయిల్ అంతా బయటికి చిమ్ముతుంది, బేరింగులు పోవడానికి ఎక్కువసేపు పట్టదు. అడ్డగోలు ఫిట్టింగులు వద్దు. బిగించాక ఇంజన్ కాసేపు తిప్పి, ఆపి, డిప్‌స్టిక్ చూసి తగ్గిన ఆయిల్ నింపండి. కూలరూ పైపులూ కొంత ఆయిల్ పట్టేస్తాయి.

గేజ్ పెట్టించాక ఎండ బాగా ఉన్న రోజున సుంకి ఎక్కి రండి. కింద ఎంత, పైన ఎంత, దిగాక ఎంతసేపటికి తగ్గిందో పక్కన కూర్చున్నవాళ్ళు రాసిపెట్టి నాకు పంపండి. ఆయిల్ గ్రేడు కూడా రాయండి.

మీ పెదనాన్న