అమ్మ తిట్టుకే చెయ్యి చెమరుస్తుంది

రాజాం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది: "ఇంగ్లీషులో ఎంత మాటైనా అనేస్తాను. అదే తెలుగులో అనాలంటే గొంతు దాటి రాదు. ఎందుకండీ?"

జవాబు చెమటలో ఉంది. మనసు కదలగానే సింపథెటిక్ నాడులు (మన ప్రమేయం లేకుండానే ఒంటిని అప్రమత్తం చేసేవి) అరచేతిలో, వేళ్ల కొసల్లో ఉన్న స్వేదగ్రంథులకు కబురు పెడతాయి. తడి కంటికి కనబడకముందే స్వేదగ్రంథుల నాళాల్లోకి చెమట చేరి, చర్మంలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది. రెండు వేళ్లకు ఎలక్ట్రోడ్లు తగిలిస్తే, మాట చెవిన పడిన ఒకటి నుంచి మూడు సెకన్లలో యంత్రం గీసే గీత పైకి లేస్తుంది. చర్మంలో విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతోందో ఆ గీత చెబుతుంది. (లై డిటెక్టర్‌ కొలిచేవాటిలో ఇదీ ఒకటి. అది అబద్ధాన్ని పట్టేస్తుందని చాలామంది నమ్మకం. అది కొలిచేది కలవరాన్నే. నిర్దోషికి భయం వేసినా గీత లేస్తుంది.)

2003లో మనస్తత్వ శాస్త్రవేత్త కేథరిన్ హారిస్ బృందం ఇంగ్లీషు పెద్దయ్యాక నేర్చుకున్న టర్కిష్ వాళ్లను ఇలాగే పరీక్షించింది. చిన్నప్పటి మందలింపులు టర్కిష్‌లో వినబడితే గీత బాగా లేచింది, ఇంగ్లీషులో అంతగా లేవలేదు. 2004లో ఆమె స్పానిష్ ఇళ్లలో పెరిగినవాళ్లను చూస్తే, ఇంగ్లీషు పసితనంలోనే వచ్చినవాళ్లకు రెండు భాషల్లోనూ గీత ఒకేలా లేచింది. అంటే మహిమ భాషది కాదు, అది వచ్చిన వయసుది.

"సిగ్గు నేదేటి నీకు!" అన్న మాట మనకు ఒంటరిగా రాలేదు. అమ్మ ఎర్రబడ్డ కళ్లు, ఎత్తిన చెయ్యి, అరుగు మీద పక్కింటివాళ్ల చూపులు, వాటితో కలిసి వచ్చింది. జ్ఞాపకంలో అన్నీ ఒకే ముడి. ఇంగ్లీషు మాట నోటుబుక్కులో స్పెల్లింగుతో వచ్చింది. సందెవేళ చెడు మాట అంటే తథాస్తు దేవతలు వింటారని మనం ఉలిక్కిపడటమూ ఈ ముడి వల్లేనని నా నమ్మకం.

ఇది నిర్ణయాల దాకా పాకుతుంది. ఐదుగుర్ని కాపాడటానికి ఒకణ్ణి వంతెన మీంచి తోసేస్తారా అని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ కోస్టా బృందం అడిగితే (2014), సొంత భాషలో నూటికి 20 మంది తోస్తామన్నారు, నేర్చుకున్న భాషలో 33 మంది.

సీతంపేట కొండల్లో సవర గిరిజన పిల్లలకు బడి తెలుగు పరాయి మాటే. గిడుగు రామమూర్తి వందేళ్ల కిందటే సవర భాష నేర్చుకుని, అందులో పాఠాలు రాసి బడులు పెట్టారు. ఆ పిల్లలకు పంతులుగారి మెచ్చుకోలును ఒకసారి తెలుగులో, ఒకసారి సవరలో వినిపించి ఆ గీతను కొలవాలి. మనం "బాగా చేశావు" అన్న ప్రతిసారీ అది వాళ్లలో ఎంతవరకు దిగుతోందో అప్పుడు తెలుస్తుంది.